దేముడమ్మ చెప్పిన సాక్ష్యం

యమునంటే నాకు కుళ్లు. ఈ మాట ముందే చెప్పేస్తే, ఆనక నేనేదో దాచానని మీరు అనుకోరు. నిన్నమొన్నటి కుళ్లు కాదిది, ముప్పై రెండేళ్లది. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చిన మూడేళ్లకి అది ఎదురింటికి కోడలిగా వచ్చింది. వచ్చిన రోజు నుంచీ నాకు కంట్లో నలుసే.

ఎందుకంటే ఏం చెప్పను? మేం రెండువందల నలభై అడుగులు బోరు దింపితే దుమ్ము లేచింది. గట్టు అవతల వాళ్లకి తొంభై అడుగులకే నీళ్లు పడ్డాయి. మంచుకి మా జీడితోట పూతంతా మాడిపోయిన ఏడు దాని తోటలో కొమ్మలు వంగాయి. ఒకే చెట్టు కాయలతో, ఒకే కారంతో, ఒకే రోజు ఇద్దరం ఆవకాయ పెడితే నాది బూజు పట్టింది, దానిది రెండో ఏటికి కూడా ఎర్రగా నిగనిగలాడుతూ ఉంది. పోనీ గీర ఉందా, నాలుగు తిట్లు తిట్టుకుందాం అంటే అదీ లేదు. ఆ ఆవకాయే గిన్నెడు తెచ్చి "తినక్కా, నోటికి బాగుంటాది" అని పెట్టిపోయింది. తిన్నాను. బాగుంది. అదే నా ఏడుపు.

ఇవన్నీ ఒక ఎత్తు, ముందు ఘటం ఒక ఎత్తు.

మా ఊళ్లో అమ్మవారి పండగ పదకొండేళ్లకోసారి వస్తుంది. ఆ రోజు ప్రతి ఇంటి నుంచీ ఒక ఆడమనిషి పసుపు రాసిన ఘటం నెత్తిన పెట్టుకుని గుడికి నడుస్తుంది. అందరికంటే ముందు నడిచేది పెద్దింటి కోడలు. ఆమె అడుగు వేస్తేనే డప్పు లేస్తుంది, ఆమె ఆగితే ఊరంతా ఆగుతుంది. నేను కాపురానికి వచ్చాక మూడు పండగలు జరిగాయి. మొదటిసారి యమున అత్త జగ్గమ్మ ముందు నడిచింది. తర్వాత రెండుసార్లూ యమున. నేను దాని వెనకాలే, దాని జడ చూస్తూ, రెండో ఘటంతో నడిచాను. ఇప్పుడు నాలుగో పండగ వస్తోంది. నాకు యాభై ఆరు. మోకాళ్లు ఇప్పుడే కిర్రుమంటున్నాయి. ఈసారి తప్పితే మరి నా నెత్తికి ముందు ఘటం లేదు.

వాళ్లది పెద్దిల్లు ఎలా అయిందో చెబుతాను. మా ఆయన గోవిందరావూ, యమున మొగుడు మోహనకృష్ణా ఒకే ముత్తాత మునిమనవలు. ఆ ముత్తాత పేరు గంగులు. గంగులుకి ఇద్దరు భార్యలు. పెద్దభార్య దేముడమ్మ. ఆమె కొడుకు సంతానం మేము. చిన్నభార్య పేరేమిటో ఎవరికీ తెలీదు, రెండిళ్లలోనూ 'సిన్నామె' అనే అంటారు. వాళ్లు ఆమె కొడుకు సంతానం. చిన్నామెకే ముందు కడుపు పండింది. ఆమె కొడుకు మా వాడి కంటే ఎనిమిది నెలలు పెద్ద. ఆ ఎనిమిది నెలల మీద వాళ్లది పెద్దిల్లై కూర్చుంది. మరి పెద్దభార్య మాటేమిటి? తాళి ముందు కట్టించుకున్నదానికి విలువ లేదా?

ఈ మాటే రామకోవెల దగ్గర పండగ మీటింగులో లేచి నిలబడి అడిగాను. మా ఆయన తల దించుకున్నాడు. పండగ పెద్ద నరసింగరావు మావ మీసం సవరించుకుని, "నోటిమాటకి పద్ధతి మార్సలేం తల్లీ. తాతల నాటి కాగితం ఏదైనా ఉంటే తే, సూద్దాం" అన్నాడు.

ఇంటికొచ్చాక మా ఆయన నసిగాడు. "నీకెందుకే ఇదంతా? ఘటం ఎవలెత్తితే ఏటి? అమ్మోరికి అందితే సాలు కదేటి."

"మీకేటి, ఎనకాల నడిసేది నాను" అన్నాను.

కాగితం అన్నమాట వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ఎందుకంటే మా నాన్న పాతపట్నంలో దస్తావేజు లేఖరి. పాత రోజుల్లో లేఖర్లు కలం ఎత్తకుండా అక్షరాన్ని అక్షరంతో కలిపి రాసుకుపోయేవారు. గొలుసుకట్టు అంటారు దాన్ని. తలకట్టేదో గుడేదో తెలీదు, పేజీ నిండా నల్లటి తీగ పాకినట్టుంటుంది. నాన్నకి కళ్లు మసకేశాక ఆ పాత దస్తావేజులన్నీ నా చేత చదివించుకునేవాడు. తప్పు చదివితే మొట్టికాయ. పెళ్లయ్యేనాటికి ఆయన కంటే గబగబా చదివేదాన్ని. ఇప్పుడు మా చుట్టుపక్కల ఊళ్లలో ఆ రాత చదవగలిగేది నేనొక్కదాన్నే. యమున పదో తరగతి పాసైంది, నేను ఎనిమిదే. కాని దానికి ఈ చదువు రాదు. వీలు దొరికినప్పుడల్లా ఈ సంగతి తలుచుకుంటాను.

మా ఇనప్పెట్టెలో తాతల నాటి పంపకాల కాగితం ఒకటుంది. దాన్ని తీసి, మడతల దగ్గర చిరక్కుండా పీట మీద పరిచి చదివాను. తూర్పు హద్దు, పడమర హద్దు, గోగుచేను, కొబ్బరిచెట్లు, దూడల పాక. అన్నీ అయ్యాక చివర్న ఒక ముక్క దొరికింది. 'కోర్టువారు ఖాయపరచిన మా తండ్రి గంగులు వీలునామా ప్రకారము' అని ఉంది. పక్కనే నెంబరు, సంవత్సరం. పందొమ్మిదివందల ముప్పై ఒకటి.

అప్పటి నుంచి నాకు నిద్రాహారాలు లేవు. వీలునామా నకలు కోసం రిజిస్ట్రారు ఆఫీసుకి నాలుగుసార్లు బస్సెక్కాను. వెళ్లిన ప్రతిసారీ మా ఆయన చోడి అంబలి తనే కాచుకుని తాగాడు. నాలుగోసారి నకలు చేతికొచ్చింది. ఆఫీసు మెట్ల మీదే కూలబడి చదివాను. మూడో పేజీలో ఉంది. 'గ్రామదేవత పండగకు ముందు ఘటము నా పెద్దభార్య దేముడమ్మ ఇంటినుండి వెళ్లవలెను. నా రెండవ భార్య ఇంటివారు అందుకు అడ్డు చెప్పరాదు.'

నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే. బస్సులో పక్క సీటావిడకి ఆ ముక్క రెండుసార్లు చదివి వినిపించాను. ఆవిడకేం అర్థమైందో గాని, "మంచిదమ్మా" అంది.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. నాకు ఆగడం రాదు. యమున మేనమామ కొడుకెవరో ప్లీడరు గుమాస్తా. వాడొచ్చి ఈ వీలునామా దొంగదంటే? కోర్టు ఖాయపరిచిందని కాగితంలో ఉంది కదా, ఆ కోర్టు కట్ట కూడా తీయిస్తే ఇక ఎవరి నోరూ పెగలదు అనుకున్నాను. వీలునామా నిజమైనదేనని కోర్టు చేత ముద్ర వేయించుకోవడాన్ని ప్రొబేటు అంటారు. గంగులు పోయాక దాయాదులు అడ్డం తిరిగితే రెండిళ్లవాళ్లూ కలిసి ప్రొబేటుకి వెళ్లారట. ఆ కట్ట కోసం నెల తిరిగాను. చివరికి జెరాక్సు తీసి ముద్ర కొట్టి ఇచ్చారు. అందులో జడ్జీ ఉత్తర్వు ఒకటి, సాక్షుల వాంగ్మూలాలు మూడు. మూడో సాక్షి దేముడమ్మ.

మా ఇంటి ముసలమ్మ నోటి మాట! కోర్టు వరండాలో గోడకి ఆనుకుని, కళ్లద్దాలు తుడుచుకుని మొదలుపెట్టాను.

'నా పేరు దేముడమ్మ. నేను గంగులు పెద్దభార్యను. వీలునామా ఆయన వ్రాయించినదే. వేలిముద్ర ఆయనదే. ఆయన రెండవ భార్య పేరు తులసి. ఆమె వచ్చిననాడు నేను అన్నము తినలేదు. రెండు సంవత్సరములు ఆమెతో మాటలాడలేదు. నాకు బిడ్డ పుట్టినప్పుడు జ్వరము వచ్చి పాలు లేకపోయినవి. తులసి ఒక రొమ్ము తన బిడ్డకు, ఒక రొమ్ము నా బిడ్డకు ఇచ్చి బ్రతికించినది. నేను అడగలేదు. ముందు ఘటము నా ఇంటినుండి అని నా భర్త నా పోరు పడలేక వ్రాయించినారు. అది నాకు వద్దు. ముందు ఘటము తులసి ఇంటినుండే వెళ్లవలెను. ఇది నా ఇష్టము. చదివి వినిపించగా సరియని ఒప్పుకొని వేలిముద్ర వేసితిని.'

కింద గుండ్రంగా, నల్లగా, ఆ వేలిముద్ర.

నాకు ఒళ్లు మండిపోయింది. యమున మీద కాదు, దేముడమ్మ మీద. నెల్లాళ్లు తిరిగి, మోకాళ్లు అరగదీసుకుని, నీ కోసమే కదే నేను కొట్లాడుతున్నది! నా ఇంటిదానివయ్యుండి నా నోట్లోనే మట్టి కొట్టావా? సవతి మీద అంత కుళ్లుకున్నదానివి, చివరిదాకా కుళ్లుకోవచ్చు కదా! బస్టాండు దాకా నడుస్తూ పైకే తిట్టాను. ఎవరో తిరిగి చూశారు.

తిట్టడం అయ్యాక లెక్కల్లో పడ్డాను. దస్తావేజు లేఖరి కూతుర్ని కదా, నాకు తెలుసు. చెల్లేది వీలునామా. కోర్టు ఖాయపరిచింది వీలునామాని. సాక్షి ఏదో కన్నీళ్ల మీద అన్నమాటకి చట్టంలో బలం లేదు. నరసింగరావు మావ అడిగింది ఒక్క కాగితమే, నా దగ్గర ఒక్క కాగితం ఉంది. రెండోది ఎవరడిగారు? ఇంటికెళ్లి దాన్ని బీరువాలో చీరల కింద పెట్టాను.

తర్వాతి మీటింగులో వీలునామా చదివాను. 'పెద్దభార్య దేముడమ్మ ఇంటినుండి' అన్నచోట ఆగి, యమున వైపు చూశాను. దాని మొహం మాడుతుందని, మేనమామ కొడుకుని పిలుస్తుందని, కనీసం ఒక్క మాటైనా అంటుందని ఎదురుచూశాను. దానికి జవాబులు కూడా సిద్ధం చేసుకునే వెళ్లాను.

నరసింగరావు మావే అడిగాడు. "ఏటమ్మా యమునా, నువ్వేటంటావు?"

"ఏటనేది మావా? అక్క సదివినాది కదా. అక్క కాగితం తప్పు సదవదు" అంది యమున. "ఇన్నాళ్లూ నానే ఎత్తేసినాను, తెలీక. ఈసారి అక్కే ముందు నడుస్తాది."

అంతే. అయిపోయింది. నా జవాబులన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి. ముప్పై రెండేళ్లు పట్టుకుని లాగిన తాడు అవతల కొస ఎవరూ పట్టుకోలేదని తెలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. గెలిచి ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచాను. కూరలో ఉప్పెక్కువైందని. ఆ కూర నేనే వండాను.

రెండు రోజులు పోయాక మధ్యాహ్నం పూట యమున వచ్చింది. దాని కూతురు సింధూరి పురిటికొచ్చి ఆడపిల్లని కన్న సంగతి నాకు తెలుసు. యమునకి అదీ బాగానే జరిగింది.

"అక్కా, ఒకటి అడుగుతాను. ఆ కాగితాల్లో మా సిన్నామె పేరు ఎక్కడైనా ఉన్నాదేటి?"

"లేదు. రెండవ భార్య అని రాసినారు, అంతే."

"మరి ఏ కాగితంలోనూ లేదా?"

"లేదన్నాను కదా. ఎందుకే నీకిప్పుడు?"

"మనవరాలికి ఎట్టుకుందామని. మా ఇంట్లో మగోళ్ల పేర్లు నాలుగు తరాలవి అందరూ గడగడా సెప్తారు. ఇల్లు నిలబెట్టిన మనిషి పేరు ఒక్కలికీ తెల్దు. సిన్నామె అంట, సిన్నామె. అదొక పేరేటి? మా అత్తని అడిగినాను, ఆవిడికీ తెల్దు. నువ్వు పాతకాగితాలు తీస్తన్నావని తెలిసినకాడి నుంచి ఆశపడతన్నానక్కా." అని చీర కొంగు వేలికి చుట్టుకుంది. "పోన్లే. ఆడోళ్ల పేర్లు ఎవలు రాస్తారు."

దాని మొహం వాడిపోయింది. నేను ముప్పై రెండేళ్లుగా చూడాలనుకున్న మొహం అది. బోరు పడ్డప్పుడు, జీడి కాసినప్పుడు, రెండు పండగల్లోనూ దాని వెనకాల నడిచినప్పుడు ఎలా ఉంటుందో అని ఊహించుకున్న మొహం. చూశాను. కడుపులో చల్లగా అనిపించింది. అబద్ధమెందుకు, చాలా చల్లగా అనిపించింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఆ చల్లదనం మూడు రోజులుంది. నాలుగో రోజు యమున గుమ్మంలోంచే కేకేసింది. "అక్కా, టెక్కలిలో ఎవలో మాష్టారున్నారంట. ఎలాటి గొలుసుకట్టైనా సదివేస్తారంట. కోర్టు కాగితాల్లో ఆడోళ్ల పేర్లుంటాయని అన్నారంట. మీ మరిది రేపు బేగి ఎళ్లి కనుక్కొస్తానంటన్నాడు."

మొదట భయమేసింది. ఆ మాష్టారు అదే కట్ట తీయిస్తే ఘటం పోతుంది, పరువూ పోతుంది. కాని నిజం చెప్పాలంటే భయం కంటే ముందు పొడుచుకొచ్చింది ఇంకోటి. ఎవడా మాష్టారు? మా ఇంటి కాగితం చదవడానికి టెక్కలి నుంచి మనిషి కావాలా? యమునకి లేకుండా నాకున్నది ఆ ఒక్క చదువే. దాన్ని కూడా యమున వేరేచోట సంపాదించుకుంటుందా?

"ఎవలో ఎందుకే, నాను సచ్చినానేటి?" అన్నాను. "మొన్న కోర్టు కాగితం సరిగ్గా సూళ్లేదు. రా, కూకో."

బీరువాలో చీరల కింది నుంచి తీశాను. యమున నేల మీద, నా మోకాలికి దగ్గరగా కూర్చుంది. నేను చదవడం మొదలుపెట్టాను. 'నా పేరు దేముడమ్మ.' 'ఆయన రెండవ భార్య పేరు తులసి.'

యమున నా మోకాలు పట్టుకుంది. "తులసా?"

"తులసి."

"ఓలమ్మా, తులసమ్మ!" అని దాని కళ్లంట నీళ్లు బొటబొటా కారాయి. అన్నం తినకపోవడం, మాట్లాడకపోవడం చదివాను. పాలు ఇవ్వడం చదివాను. 'నేను అడగలేదు' దాకా వచ్చాను. అక్కడ నుంచి నాలుగు వాక్యాలు దాటేసి, 'చదివి వినిపించగా సరియని ఒప్పుకొని వేలిముద్ర వేసితిని' అని ముగించాను. గొలుసుకట్టులో ఎక్కడ ఆగానో ఎక్కడ దూకానో పక్కన కూర్చున్నవాళ్లకి తెలీదు.

"మీ దేముడమ్మ ఎంత గొప్పదక్కా. జడ్జీ ముందర నిలబడి మా ఆవిడి పేరు సెప్పి బతికించినాది. మళ్లీ సదువక్కా."

మళ్లీ చదివాను. మళ్లీ అదే చోట దూకాను. రెండోసారికి తడబాటు కూడా లేదు.

లేచేటప్పుడు యమున చేయి చాపింది. "అక్కా, ఈ కాగితం నాకిచ్చేయవా? పాతపట్నంలో అద్దం కట్టించి గోడకి ఎట్టుకుంటాను. మీ ముసలమ్మ, మా ముసలమ్మ ఒక్కచోట ఉన్న కాగితం కదా. వేలిముద్ర కూడా ఉన్నాది. మాకు ఫొటోలా ఉంటాది."

ఏమని ఇవ్వనంటాను? ఎందుకివ్వవని అడిగితే ఏం చెప్పాలి? ఎవరు చదవగలరులే అనుకున్నాను. ఇచ్చాను. పాపకి తులసి అని పేరు పెట్టారు. పేరు పెట్టిన రోజు యమున ముందుగా నా చేతే ఆ పేరు పిల్ల చెవిలో చెప్పించింది.

పండగొచ్చింది. పొద్దున్నే తలంటు పోసుకుని, పసుపు చీర కట్టుకున్నాను. యమునే వచ్చి నా నెత్తిన చుట్టకుదురు సరిచేసి, ఘటం ఎత్తి పెట్టింది. నేను అడుగు వేశాను. డప్పు లేచింది. ఊరంతా నా వెనక కదిలింది. ముప్పై అయిదేళ్లలో మొదటిసారి నా ముందు ఎవరి జడా లేదు. మెడ నిక్కించి నడిచాను. మోకాళ్లు కూడా నొప్పెట్టలేదు.

ముందు ఘటం ఆగే మొదటి గుమ్మం ఎదురిల్లే. ఆ ఇంటావిడ పసుపునీళ్లతో కాళ్లు కడగాలి, అదీ పద్ధతి. యమున చెంబుతో మెట్టు దిగి నా కాళ్ల దగ్గర కూర్చుంది. నేను నిటారుగా నిలబడ్డాను. నెత్తిన ఘటం ఉన్నవాళ్లు తల వంచకూడదు, పక్కకి తిప్పకూడదు. నా ఎదురుగా, సరిగ్గా నా కళ్లకి సమంగా, వీధరుగు గోడ మీద అద్దం కట్టించిన కాగితం ఉంది. బంతిపూల దండ వేసి, గంధం బొట్టు పెట్టింది. వెనకాల మూడువందల మంది ఉన్నారు. అందరికీ కనిపిస్తోంది. దాన్ని చదవగలిగింది నేనొక్కదాన్ని.

'ముందు ఘటము తులసి ఇంటినుండే వెళ్లవలెను. ఇది నా ఇష్టము.'

కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. చదవకూడదనుకున్నా అక్షరాలు వాటంతటవే విడివడి వచ్చేస్తున్నాయి. మా నాన్న మొట్టికాయలు అంత గట్టివి. మళ్లీ పై నుంచి కిందికి చదివాను. మళ్లీ చదివాను. యమున నా పాదాలకి వేళ్ల సందుల్లో కూడా పసుపు రాస్తోంది, ఎక్కడా తొందర లేదు.

"ఏటక్కా, కళ్లెంట నీళ్లొస్తన్నాయి? బరువుగా ఉన్నాదేటి?"

"లేదు."

లేచి తన కొంగుతో నా కళ్లు తుడిచింది. తర్వాత గోడవైపు తిరిగి ఆ కాగితానికి రెండు చేతులూ జోడించింది. దానికి అందులో కనిపించేవి ఒక పేరూ ఒక వేలిముద్రా, అంతే. మిగతావన్నీ వట్టి నల్లటి గీతలు. దాని నీళ్లకీ, దాని చెట్లకీ, దాని ఆవకాయకీ ముప్పై రెండేళ్లు కుళ్లుకున్నాను గాని, ఆ కాగితం ముందు అంత హాయిగా దండం పెట్టుకోగలిగినందుకు కుళ్లుకున్నంత ఇంకెప్పుడూ కుళ్లుకోలేదు.